తలకాయ మొలిచే మిట్ట

ఆ మిట్టకి మంచి పేరు లేదు. చీకటిపడ్డాక అటు వెళ్లిన డ్రైవర్లంతా ఒకటే మాట— మిట్ట ఎక్కుతుంటే రోడ్డు మీద ఒక తలకాయ... ఒట్టి తలకాయ. దగ్గరికెళ్లేకొద్దీ దాని కింద భుజాలు మొలుస్తాయట.

కొత్త రోడ్డు వేసిన ఏడాదే, మిట్ట అవతల ఆగి ఉన్న లారీ కనపడక, స్కూటర్ మీద వెళ్తున్న మొగుడూపెళ్లాలు దాని కిందకి పోయారు. దెయ్యం ఆ మొగుడిదే అన్నారు.

నాకిది చెప్పింది ఆ రోడ్డు గీసిన ఇంజనీరే. ప్రమాదం తర్వాత, మిట్ట మీద రోడ్డు ఎక్కి దిగే వంపు తప్పుగా గీశాడని ఉద్యోగం పీకేశారు. కాంట్రాక్టు తీసుకుని రోడ్డు పని చేయించింది అతని బావ. అక్కని చేసుకుని, తండ్రి లేని ఇతన్ని కూడా తన ఇంట్లోనే ఉంచుకుని చదివించిన మనిషి. విచారణలో ఆయన అన్నది ఒక్క ముక్క— "మావాడు ఎలా గీస్తే అలా వేశాం."

బావ అబద్ధమాడతాడని ఇతను కల్లో కూడా అనుకోలేదు. తప్పు తనదే అనుకుని కుమిలిపోయాడు.

ఒకనాటి రాత్రి ఆ మిట్టకి వెళ్లాడు. కారు కిందే ఆపి, దిగి నడిచాడు. పలచటి వెన్నెల. గాలి లేదు.

పైన ఏదో కదిలింది...

తలకాయ.

ఒక అడుగు వెనక్కి వేశాడు. పారిపోయేవాడే. కానీ చేసే పని తాలూకు బుద్ధి ఎక్కడికి పోతుంది— తను గీసింది బాగా సాగదీసిన వంపు. అవతల మనిషి నిలబడితే ఇక్కణ్ణుంచి నడుం దాకా కనపడాలి. తల ఒక్కటే కనపడిందంటే... మిట్టని గీసినంత లోతుగా చెక్కనే లేదు.

భయం ఎటు పోయిందో తెలీదు. గబగబా ఎక్కాడు. మెడ వచ్చింది... భుజాలు వచ్చాయి...

"నువ్వా... ఎందుకొచ్చావురా?"

బావ.

"అంతా రాయి తగిలిందిరా. పైపైన చెక్కి వదిలేశాం," అన్నాడు గొణుగుతూ. "నన్ను చూసి జడుసుకునైనా బళ్లు నెమ్మదిస్తాయని... వచ్చి నిలబడుతున్నా."

"దారిన పోయే బళ్ల మీద అంత జాలి. నామీద లేకపోయిందేం బావా?"

బావ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. నాకైతే జైలే... మీ అక్కకి మాత్రం చెప్పకు. నీకు పుణ్యముంటుంది."

ఇతను చెయ్యి విడిపించుకుని మిట్ట కిందకి చూశాడట.

"ఇక్కడికి తీసుకొచ్చిందే అక్క. ఎందుకో చెప్పలేదు," అన్నాడు. "కింద కార్లో కూర్చుని ఉంది."