తోక ఉన్న సున్నాలు

ఆర్విల్ నైబో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. జీవితమంతా గూడ్సు రైళ్ళమీద గడిపిన దిట్టమైన మనిషి, ఇప్పుడు ఆ టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడుతున్నాడు.

“మా ఆవిడ తిరిగొచ్చిందమ్మా. వచ్చిందో, నాకే మతి పోయిందో మీరే తేల్చాలి,” అన్నాడు.

రీనో ఊళ్ళో పోలీసులకు కూడా కొరుకుడుపడని డిటెక్టివ్ గ్రేసియానా ఎచెవెరి సిగరెట్టు ఆర్పి, “మొదటినుంచీ చెప్పండి,” అంది. ఆమె సహాయకుడు లోయిడ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆర్విల్, ఆయన భార్య వెర్నా రోజూ మధ్యాహ్నం సిల్వర్ సేజ్ కాసినో కాఫీ హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కీనో అనే అంకెల జూదం ఆడేవారట. ఆరేళ్ళ కిందట ఆవిడ ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఆ బల్ల వదల్లేదు. ఆవిడ అంకెలే ఆడుతూ, కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాడు. చివరికి ఇల్లమ్మేసి ఐడహోలో చెల్లెలి దగ్గరికి పోదామని నిశ్చయించుకున్నాడు. సరిగ్గా ఆ వారమే, చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్లమీద ఆవిడ అంకెలే గుర్తుపెట్టి ఉన్న టికెట్టు ఒకటి కనబడింది. అప్పట్నుంచీ సోమవారం తప్ప రోజూ కనబడుతూనే ఉంది.

“అంకెలు ఎవరైనా చూసి ఉంటారుగా?” అన్నాడు లోయిడ్.

“అంకెలు కాదు బాబూ, గీత! లోకమంతా అంకెమీద అడ్డగీతలు కొడుతుంది. వెర్నా అంకె చుట్టూ తోక ఉన్న సున్నా చుట్టేది. అది ఆవిడ చెయ్యే.”

“ఆవిడ గీసిన పాత టికెట్టు ఒక్కటైనా ఉందా?” గ్రేసియానా అడిగింది.

“ఉంటే దిండు కింద పెట్టుకోనా? ఒక్కటీ లేదు. శనివారం ఇల్లు రాసివ్వాలమ్మా. వెర్నా ఊళ్ళో ఉంటే చచ్చినా సంతకం పెట్టను.”

ఆయన వెళ్ళగానే లోయిడ్ ఎగిరి గంతేశాడు. “ఆవిడే మేడమ్! మొహం చూపించలేక చీటీలు పెడుతోంది!”

“ఇల్లు అలకగానే పండగ కాదురా. పద, కీనో ఆడదాం.”

కాఫీ హాల్లో ప్రతి బల్లమీదా ఉప్పుసీసా పక్కన టికెట్లూ నల్ల క్రేయాన్లూ ఉన్నాయి. లోయిడ్ ఎనభై అంకెల్లో ఆరింటిమీద వంకరటింకరగా గీతలు కొట్టి, పందెం డాలరు పైన పెట్టాడు. బల్లలనుంచి కౌంటరుకి టికెట్లు మోసే ఐడెల్లా అనే నడివయసు ఆవిడ వచ్చి రెండూ తీసుకుపోయింది. కాసేపటికి ఆమె తెచ్చిన టికెట్టుమీద లోయిడ్ అంకెలే ఉన్నా, కుంచెతో వేసిన చక్కటి గుర్తులున్నాయి.

“ఇదేంటి, నా గీతలేవి?”

“అంత అందమైన గీతలు మీకెలా ఇచ్చేస్తామండీ?” ఐడెల్లా నవ్వింది. “మీరు గీసింది కౌంటర్లోనే ఉంటుంది. ఇది నకలు. పదండి, బోర్డు చూసుకోండి. ఇరవై బంతులొస్తాయి. మీవి ఎన్ని వెలిగితే అంత అదృష్టం.”

లోయిడ్‌కి ఒక్కటే వెలిగింది. ఈలోగా గ్రేసియానా కౌంటరు దగ్గర కుంచె పట్టుకుని నకళ్ళు రాసే మర్ల్‌తో కబుర్లాడి వచ్చింది. అతను ఆ ఉద్యోగంలో చేరింది నిరుడేనట.

శుక్రవారం మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల దగ్గరికి గ్రేసియానా అందర్నీ పిలిపించింది. ఆర్విల్ కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. అది చూసి, అసలు సంగతి అప్పటికే తెలిసిన లోయిడ్‌కి ప్రాణం ఉసూరుమంది.

“ఆడేవాళ్ళకి దక్కేది నకలే,” గ్రేసియానా మొదలుపెట్టింది. “అందుకే భర్త దగ్గర కూడా వెర్నా గీత లేదు. ఆ సున్నాలు ఈ బల్లనుంచి కౌంటరు దాకానే నడిచాయి. కౌంటర్లో ఉన్న మర్ల్ అప్పటికి ఇక్కడ లేడు. మరి మోసుకెళ్ళిందెవరు? సోమవారం ఎవరికి సెలవు?”

ఐడెల్లా చేతిలోని పళ్ళెం బల్లమీద పెట్టేసింది.

“అంటే వెర్నా రాలేదా?” అన్నాడు ఆర్విల్.

“రాలేదు నైబోగారూ.”

ఆయన ఐడెల్లా వైపు తిరిగాడు. “ఎందుకు చేశావు? నన్ను వెర్రివాణ్ణి చెయ్యడానికా?”

“ఇల్లమ్మేస్తున్నానని పక్క బల్లాయనతో అన్నారు. విన్నాను.” ఆమె పళ్ళేన్ని పక్కకి జరిపింది. “నాకోసం ఆగమంటే ఎవరాగుతారు? ఆవిడకోసమైతే ఆగుతారు. అంతే తోచింది. తప్పే చేశాను. మీరు రాని రోజు నాకు పొద్దు గడవదండీ. ఆరేళ్ళుగా అంతే.”

ఎవరిమీదా నేరం మోపబుద్ధి కాక గ్రేసియానా సిగరెట్టు వెతుక్కుంది. ఆర్విల్ టోపీ పెట్టుకుని గుమ్మందాకా నడిచాడు. అక్కడ ఆగి, వెనక్కి వచ్చాడు.

“ఇన్నేళ్ళూ నీ మొహం సరిగ్గా చూసినట్టు లేదు. పేరేంటి?”

“ఐడెల్లా.”

“డ్యూటీ ఎప్పుడు దిగుతావు?”

“నాలుగింటికి.”

“నాకు చాలా కోపంగా ఉంది, ఐడెల్లా,” అంటూ ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “నాలుగింటిదాకా ఉంటుంది.”