గాలి పడవ, ఎర్రగుడ్డ

విశాఖపట్నం నుంచి సునీల్ ఫోన్ చేసి, "రేపు డింగీతో వత్తన్నానని మా మావకి సెప్పు" అన్నాడు. భావనపాడు పక్క పల్లెలో ఎస్టీడీ బూత్ నడిపే ఢిల్లీరావుకి ఎడమ చెవి మందం. రిసీవర్ మాత్రం ఎప్పుడూ ఆ చెవికే పెడతాడు. "సునీల్‌కి డెంగీ అట, రేపు పట్టుకొత్తన్నాడట" అని అతను ఇంటింటికీ మోసేశాడు.

కిందటి వానల్లో జ్వరాలకి ఆ పల్లెలో ఇద్దరు పోయారు. అందుకని ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున సునీల్ ఆటో దిగేసరికి వీధంతా వేపాకు పొగ, తలుపులన్నీ బిడాయింపు. ఎండుచేపలమ్మే అప్పలనరసమ్మ కిటికీ సందులోంచి, వచ్చినోడివి వచ్చినట్టే అక్కడే ఉండు నాయినా అంది. ఒక్క సంతోషి మాత్రం చెంబుతో నీళ్లు పట్టుకుని ఎదురొచ్చింది. మేనమామ గున్నయ్య కూతురు. పేరులో సంతోషం ఉంది గానీ ముఖంలో మూడేళ్లుగా లేదు. చెంబు అందించి, అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జొరం నేదు."

"ఉన్నా బాగుండు. సెయ్యి ఇంకాసేపు ఉంచీదానివి."

"ఉంటే మంచం మీద కట్టీసీదాన్ని. నోరైనా మూసుకునుండీవోడివి. ఆ మూటేటి బావా?"

"డింగీ. దోమ కుట్టింది కాదు, గాలి కొట్టింది. తెరచాప పడవ."

సునీల్ విశాఖలో సముద్రం ఆటల సామాన్లమ్మే కొట్లో పని చేస్తాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకీ, కుటుంబాలకీ పనికొస్తుందో లేదో చూసి చెప్పమని యజమాని ఆ పడవనిచ్చి పంపాడు. అట్టపెట్టె మీది బొమ్మలో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఆ పడవలో నవ్వుతూ కూర్చున్నారు. వాళ్ల సముద్రంలో అల అన్నది లేదు.

పొద్దున్నే నీళ్లలో దించాలనుకున్నాడు. కానీ ఢిల్లీరావు సంతబొమ్మాళి ఆసుపత్రికి కూడా కబురు పెట్టాడు. నర్సమ్మ వచ్చి, డెంగీ ఏదో డింగీ ఏదో తేల్చుకుని, ఎలాగూ వచ్చాను గనక అని సునీల్ వేలు పొడిచి రక్తం తీసుకుని వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది.

అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. కాలితో పంపు తొక్కుతుంటే ముడతల సంచీ కాస్తా పడవైంది. బోర్లించిన తెప్ప మీద కూర్చుని గున్నయ్య చూస్తున్నాడు. మూడేళ్లుగా ఆయన నీళ్లలో అడుగు పెట్టలేదు.

"దీన్ని పడవని ఎందుకన్నారు మావా? ఎక్కితే పడవు, అందుకని" అన్నాడు సునీల్.

"మా పోలిగాడూ పడననే అన్నాడు" అన్నాడు గున్నయ్య.

సునీల్ కాలు పంపు మీదే ఆగిపోయింది.

పోలారావు సంతోషి అన్న. ఆ తీరంలో తెప్ప ఒడ్డుకొచ్చేటప్పుడు వెనక లేచే అల ఎంత ఎత్తో తెప్ప మీదివాడికి తెలీదు. ఒడ్డు మీది మనిషే చూసి చెప్పాలి. ఎర్రగుడ్డ ఎత్తితే ఆగు, తెల్లగుడ్డ ఎత్తితే రా. ఇంటికొకరు గుడ్డ పడతారు. గున్నయ్య ఇంట్లో అది సంతోషి పని. పల్లెవాళ్లంతా పొద్దెక్కేలోపు వచ్చేసేవాళ్లే. మూడేళ్ల కిందట ఒకనాడు గాలి పడిపోయి పోలారావుకి సాయంత్రమైంది. వచ్చాడు. అల తెప్పని తిరగేసింది, దుంగ తల మీద పడింది.

ఎర్రగుడ్డే ఎత్తానని సంతోషి చెప్పింది. తెల్లది చూశానని అప్పలనరసమ్మ చెప్పింది. ఆ తెల్లగుడ్డనే పోలారావు మీద కప్పారు. ఆనాటి నుంచి గున్నయ్య కూతురితో మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, పెట్టిన చేతిని చూడడు. తీరం పక్కనే ఇల్లు, ఇంట్లో తీరని మౌనం.

సునీల్ పెళ్లి మాటెత్తిన ప్రతిసారీ సంతోషిది ఒకటే జవాబు. "మా అయ్య నాతో మాటాడిన రోజున అడుగు బావా."

ఇప్పుడు గుడ్డ నువ్వే పట్టాలని అతనంటే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నాను పట్టను. నా సేతి గుడ్డే మా అన్నకి కప్పినారు."

"అయితే ఇంకెవరూ పట్టొద్దు" అని అతను పడవని నీళ్లలోకి తోసేశాడు.

తెడ్డుతో అలలు దాటి తెరచాప ఎత్తాడు. పడవ మాట వింది. కుడికంటే కుడి, ఎడమంటే ఎడమ. ఢిల్లీరావు చెవికంటే నయం అనుకున్నాడు. అలా అలల మీద తిరిగి తిరిగి, పొద్దు వాలాక ముక్కు ఒడ్డుకి తిప్పాడు.

తిప్పగానే కళ్లలో సూర్యుడు. ఉద్దానం కొబ్బరితోటల పైన నిలబడి నీళ్లనిండా నిప్పులు పోస్తున్నాడు. ఒడ్డంతా ఒక నల్లటి గీత. గీత మీద నల్లటి సంతోషి. మనసాగక వచ్చినట్టుంది, చెయ్యి ఎత్తి ఉంది. చేతిలో గుడ్డ కూడా నలుపే.

ఎరుపా, తెలుపా? రెప్పలు చికిలించాడు, అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నలుపే.

పోలారావు కూడా ఈ వేళకే కదా వచ్చింది.

సునీల్ తెరచాప దించేశాడు. తెడ్డుతో పడవని నిలేసి అక్కడే ఉండిపోయాడు. గుడ్డ దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. అతను కదల్లేదు. చివరికి సూర్యుడు కొబ్బరాకుల వెనక్కి జారాడు. తోటకి పచ్చదనం వచ్చింది, ఆమె చీరకి పసుపు వచ్చింది, గుడ్డకి తెలుపు వచ్చింది. అప్పుడు వచ్చాడు.

ఒడ్డెక్కగానే సంతోషి రెండు చేతులా అతని చొక్కా పట్టి కుదిపేసింది.

"తెల్లది ఎత్తి ఎత్తి సేతులు పడిపోనాయి. నీకు కళ్లు నేవా?"

"ఈ ఏలప్పుడు అక్కడ ఎవరికీ ఉండవు. ముందు నువ్వేది ఎత్తినావో, తరవాతేది ఎత్తినావో నాకు తెల్దు. అన్నీ నల్లగుడ్డలే." అతను గున్నయ్య వైపు తిరిగాడు. "మావా, పోలి బావ కూడా ఈ ఏలకే వచ్చినాడు."

గున్నయ్య లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం తనే వచ్చి, పంచె ఎగ్గట్టి, గాలి పడవలో కూర్చున్నాడు. "తొయ్యి" అన్నాడు. సంతోషి గుడ్డ పట్టుకుని ఒడ్డు మీద నిలబడింది. అట్టపెట్టె మీది బొమ్మలోలాగే కుటుంబం పడవెక్కింది. మూడేళ్ల తర్వాత ఎక్కినవాడు కూడా ఒక రకంగా కొత్తవాడే. సునీల్ ఈ మాట పైకి అనబోయి మింగేశాడు.

అలలు దాటాక పడవ తిప్పాడు. గున్నయ్య కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏ గుడ్డరా అది?"

"నాకూ తెల్దు మావా."

పొద్దు తోట వెనక్కి దిగేదాకా సునీల్ పడవని అక్కడే నిలిపాడు. ముసలాయన గడ్డం మీంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. అవి ఏ ఉప్పో సునీల్ తేల్చబోలేదు.

వాళ్లు దిగేసరికి పల్లె అంతా ఇసకలో ఉంది. గున్నయ్య నేరుగా కూతురి ముందుకి నడిచాడు.

"ఆ రోజు ఏ గుడ్డ ఎత్తినావమ్మా?"

మూడేళ్ల కిందట ఎవరూ నమ్మని జవాబే ఆమె మళ్లీ చెప్పింది. "ఎర్రదే అయ్యా. తెల్లది భుజం మీదుంది."

గున్నయ్య అందరి వైపూ తిరిగాడు. "ఇన్నారు కదా. మా గుంట ఎర్రదే ఎత్తింది. పొద్దున వచ్చినోడికి సూరీడు ఎనకాలుంటాడు, ఒడ్డు మీద రంగు తెలుత్తాది. మాపిటేల ఎదరుంటాడు, అన్నీ నలుపే. పోలిగాడు నల్లగుడ్డ సూసి తెల్లదనుకున్నాడు. తప్పు గుంటది కాదు, ఆడిదీ కాదు. మూడేళ్లూ మాటాడకుండా సంపిన తప్పు నాది."

అప్పలనరసమ్మ ఇసకలో కూలబడింది. నాను సూసింది భుజం మీదిదే కాబోలు తల్లీ, అని గొణిగింది.

రేపట్నుంచి రంగు లెక్క లేదని గున్నయ్య తేల్చేశాడు. గుడ్డ కదలకుండా పట్టుకుంటే ఆగు, ఊపితే రా. ఇది ఇంటింటికీ చెప్పమని ఢిల్లీరావుకి పురమాయించాడు. కుడి చెవితో విను అని కూడా అన్నాడు.

సునీల్ ఇంకా మోకాలి లోతు నీళ్లలో పడవ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మరి నన్నాగమంటావా సంతోషీ, రమ్మంటావా?"

సంతోషి తండ్రి భుజం మీది తుండుగుడ్డ లాగి, ఊపింది.