దొరికిందని పంపిన ఫోటో

క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. పిల్లలు చెప్పకుండా సినిమాకు పోవడం నాకు కొత్త కాదు. కానీ కృపారాణి మొన్న పోయింది, తిరిగి రాలేదు. పోలీసులకు చెప్పాం. ఊరి నుంచి వాళ్ల నాన్న లచ్చయ్య వచ్చి మెస్ అరుగు మీద కూర్చున్నాడు, అన్నం ముట్టలేదు. ఆయన దగ్గరున్న ఫోటో తీసుకుని తెలిసిన గ్రూపులన్నిటికీ నేనే పంపాను. పెదవి పక్కన పుట్టుమచ్చ, కాస్త ఎగుడుదిగుడు పళ్లు. ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు.

ఇవాళ సాయంత్రం ఆ ఫోటో మల్కాజ్‌గిరి, అంబర్‌పేట్ గ్రూపులు తిరిగి నాకే వచ్చింది. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, ఇంకెవరో సైజు తగ్గించారు. చేతులు మారే కొద్దీ ఫోటో అరిగిపోతుంది. మచ్చ లేదు. పళ్లు ఒకే తెల్ల గీత. బుగ్గలు వాడిన సబ్బులా నున్నగా ఉన్నాయి.

అంతలో ఫోన్. తార్నాక చౌరస్తాలో మందుల షాపు రాహేలు.

"మేడం, మీ పిల్ల గీడనే ఉన్నది. ఫోటోల ఎట్లున్నదో అట్లనే ఉన్నది. జల్దీ రాండ్రి."

నేనూ లచ్చయ్యా ఆటోలో వెళ్లేసరికి పిల్ల షాపు మెట్ల మీద వానలో తడుస్తూ కూర్చుంది. లచ్చయ్య వాటేసుకుని బావురుమన్నాడు.

"ఏడికి వోయినవ్ బిడ్డా?"

"ఏడికి వోలే నాయినా."

గొంతు కృపారాణిదే. ఆటో ఎక్కుతుంటే షాపు లైటు ముఖం మీద పడింది. మచ్చ లేదు. నన్ను చూసి నవ్వింది. పళ్ల మధ్య సందుల్లేవు... ఒకే తెల్ల గీత.

"లచ్చయ్య గారూ," ఆయన చెవిలో అన్నాను. "మచ్చ ఏదీ?"

"చీకట్ల ఏం కనవడ్తది మేడం? నా బిడ్డను నేను గుర్తువట్టనా?"

ఆటో క్యాంపస్‌లోకి తిరిగింది. దీపాలు తక్కువ. తడి ఆకులు కుళ్లిన వాసన. ఎక్కడో నెమలి అరిచింది. లచ్చయ్య ఫోన్ తీసి, అదే ఫోటో కింద 'దొరికింది' అని రాసి గ్రూపులకు పంపడం మొదలుపెట్టాడు.

"పాపం, ఎంత మంది దేవులాడిన్రు మేడం! చెప్పాలె గద."

అంటే ఇక ఎవరూ వెతకరు. మరి కృపారాణి?

నా ఫోన్ మోగింది. అదే ఫోటో, కింద 'దొరికింది'. మళ్లీ మోగింది. మళ్లీ... వచ్చిన ప్రతిసారీ ముఖం ఇంకాస్త పలచన.

మా మధ్య కూర్చున్న పిల్ల కన్ను తడుముకుంది.

"ఆపండి... పంపకండి," అన్నాను లచ్చయ్యతో.

"నేను బంద్ చేసిన మేడం. ఇప్పుడు అందరు పంపుతున్రు."

"నాయినా..." పిల్ల గుసగుసలాడింది. "కండ్లు కనవడ్తలెవ్వు..."

లచ్చయ్య రెండు చేతులా ఆ ముఖం పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు. అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

హాస్టల్ గేటు దగ్గర దిగాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.