ఆఖరి ఎపిసోడ్‌లో అమ్మ

“డానీని చంపేత్తారా? నా కొడుకుని చంపేత్తారా మీరు?”

ఆరోగ్యమ్మ చేతిలోని స్క్రిప్టు కాగితాలు వంటింట్లో చెల్లాచెదురుగా పడ్డాయి! పొయ్యి మీద చేపల పులుసు అడుగంటుతోందన్న ధ్యాస కూడా లేదామెకు. ఎదురుగా కూతురు ఫెబా నిలబడింది. ఉక్కునగరం క్వార్టర్లలో ఒక ఇంటి మాట పక్కింటికి వినబడుతుందన్న బిడియం ఆ పూట ఇద్దరికీ లేకపోయింది.

“నీ కొడుకు కాదమ్మా, నీ నవలల్లో డిటెక్టివ్! ఆఖరి ఎపిసోడ్‌లో హీరో పోవాలని ఛానెల్ వాళ్ళే అంటన్నారు. నాను రాయకపోతే ఇంకోడు రాత్తాడు. నాకిది మొదటి సీరియల్... నవలలు రాసినదానివి, ఈ సీను కింద నీ సంతకం లేకపోతే అదీ పోద్ది!”

డిటెక్టివేనట! ఆరేళ్ళకే జ్వరంతో కన్నుమూసిన డానీకి మీసాలు మొలిపించి, ఉద్యోగమిచ్చి, హార్బరులో దొంగల వెంట పరిగెత్తించి, ముప్పై నవలల్లోనూ ఆఖరి పేజీలో ఇంటికి తెచ్చి అన్నం పెట్టింది ఎవరు? ఊరంతటికీ వాడు డిటెక్టివ్ డానీ. ఈ పిచ్చితల్లికి మాత్రం బతికున్న కొడుకు!

“అన్న కోసం ముప్పై పుస్తకాలు రాసేవు. నాకోసం ఒక్క పేజీ...” ఫెబా కింద పడ్డ కాగితాల వైపు చూసింది. “నాను పుట్టిన రోజునే ఆడు పోయేడని నా మీద కోపం గదా నీకు? ఏ పుట్టినరోజుకైనా నా మొహం సూసి నవ్వేవా?”

ఆరోగ్యమ్మ కొయ్యబారిపోయింది. ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఈ బిడ్డ ఇది మోస్తోందా... దేవా!

“కోపమా! నీ మీదా!” కూతురి రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. “నిన్ను కనడానికి ఎలమంచిలిలో పుట్టింటికి ఎల్లేనే. ఆడు ఇక్కడ ఆస్పత్రిలో అమ్మా, అమ్మా అని కలవరించేడంట. బాలింతకి సెప్పకూడదని పది రోజులు దాసేరు. ఆడి పక్కన నాను లేనే... ఏటా ఆ రోజున నవ్వితే ఆడు సూత్తాడేమోనని నవ్వలేకపోయేను తల్లీ!”

ఫెబా తల్లిని గట్టిగా వాటేసుకుంది. “సంతకం పెట్టకమ్మా. నాకీ సీరియల్ వద్దు!”

ఆరోగ్యమ్మ పొయ్యి ఆపి, కాగితాలన్నీ ఏరి, చివరి సీను చదివింది. ఆస్పత్రి మంచం మీద డానీ. గదిలో ఇంకెవరూ లేరు.

“ఆడి దగ్గిర ఎవలూ లేరేటి?”

“హీరో ఒంటరిగా పోతే జనం ఏడుత్తారని...”

“పెన్ను ఇయ్యి.”

ముప్పై నవలల్లో ఎన్ని హత్యలు రాసిందో, ఏనాడూ ఆ చెయ్యి తడబడలేదు. ఇప్పుడు మాత్రం ఒక్కో అక్షరానికీ ఆగుతోంది. కన్నీళ్ళు కాగితం మీద పడుతున్నాయి, తుడుచుకుని రాస్తోంది. హీరో పోవాలన్నారు, పోతాడు. కానీ ఈసారి తల్లి తలుపు తోసుకుని సమయానికి వస్తుంది! వాడి తల ఒళ్ళోకి తీసుకుంటుంది. ఆమె వెనకే, గుమ్మంలో, ఒక అమ్మాయి...

ఫెబా తల్లి భుజం మీంచి వంగి చదివింది.

“ఎవరమ్మా?” అని అడిగాడు డానీ.

“నీ చెల్లెలురా! నిన్ను చూడ్డానికొచ్చింది.”

ఆ కింద ఆరోగ్యమ్మ సంతకం పెట్టింది. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళు తుడిచి, నవ్వింది.