చివరి అంకె

దక్షిణ కొరియాలో ఇంచన్ ఊరి చివర ఉన్న ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టులో నాలుగో అంతస్తుకు నాలుగు అని ఉండదు, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. వాళ్ళ భాషలో నాలుగు అనే మాట చావు అనే మాటలా వినబడుతుందని అక్కడి జనానికి జంకు. ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ హేరాన్‌కు నవ్వొచ్చేది. "ఫోన్లు తయారుచేసి లోకమంతా అమ్ముతారు గానీ అంకెను చూసి జడుసుకుంటారు," అని లిఫ్టులో పక్కవాళ్ళకు వినబడేలా అనేది. పట్టుబట్టి ఆ అంతస్తులోనే ఇల్లు కొనిపించింది కూడా ఆవిడే.

చర్చి సంఘంలో హేరాన్ మాటకు ఎదురు లేదు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెబుతుంది, స్త్రీల కూటమి నడుపుతుంది. జాతకాలు చూపించుకునేవాళ్ళన్నా, పూనకం వచ్చే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళన్నా ఆవిడకు ఒళ్ళు మంట. ఆ మంటనే ఆవిడ విశ్వాసం అనుకునేది. చాలామంది అలాగే అనుకుంటారు లెండి.

అలాంటి ఆవిడకు శుక్రవారం మధ్యాహ్నం కూతురి బడి నుంచి ఫోనొచ్చింది. సంగీతం గదిలో కర్టెన్లు మూసి నలుగురు అమ్మాయిలు పెన్ను ఆట ఆడారట. తెల్ల కాగితం మీద ఇద్దరు కలిసి ఒకే ఎర్ర పెన్ను నిలబెట్టి పట్టుకుంటారు. ఆత్మను రమ్మంటారు. పెన్ను సున్నా చుడితే అవును, అడ్డగీతలు కొడితే కాదు. ఆటలో ఒక పిల్ల భయపడి ఏడ్చేసిందట. పెన్ను పట్టుకున్నది మాత్రం హేరాన్ కూతురు దాసొల్, పదిహేనేళ్ళది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి హేరాన్ కూతుర్ని భోజనాల బల్ల దగ్గరికి పిలిచింది. బల్ల మీద పళ్ళెం నిండా కమలాపళ్ళు, పక్కన చర్చిలో పంచిన ఒక కరపత్రం. దుష్టశక్తుల గురించి ఎదిగే పిల్లలతో ఎలా మాట్లాడాలో అందులో అంకెలు వేసి మరీ రాశారు.

"కూర్చో."

"కూర్చునే ఉన్నా కదా."

"సరిగ్గా కూర్చో. మనం మనసు విప్పి మాట్లాడుకోవాలి." కరపత్రంలో మొదటి సూచన అదే.

దాసొల్ కమలాపండు తొక్క తీస్తూ, "అయితే ముందు నువ్వు విప్పు," అంది.

రెండో సూచన, పిల్లల్ని ఎగతాళి చెయ్యవద్దని. హేరాన్ దాన్ని దాటేసి మూడో దానికి వెళ్ళింది.

"సిగ్గు లేదూ నీకు? వాక్యం చదివే ఇంట్లో పుట్టి, చిల్లర డబ్బులు కూడా చెయ్యని పెన్ను పట్టుకుని దయ్యాన్ని పిలుస్తావా? అది పలికిందా? ఏ భాషలో పలికిందో?"

"నువ్వు దయ్యాల్ని నమ్ముతావా, నమ్మవా? ముందు అది తేల్చమ్మా."

"దయ్యాలున్నాయి. ప్రభువు పేరెత్తితే పారిపోతాయి. చచ్చిపోయిన మనుషులు మాత్రం తిరిగి రారు. వచ్చామనేవన్నీ వేషాలే."

"మరి బైబిల్లో ఆ కర్ణపిశాచం ఉన్నావిడ సంగతేంటి? రాజు దొంగచాటుగా వెళ్తే ఆయన కోసం చచ్చిపోయిన ప్రవక్తని లేపింది. నన్నెందుకు లేపారని ఆయన విసుక్కున్నాడు కూడా. ఆదివారం బడిలో నువ్వేగా చెప్పావు."

"అది వేరు. అది దేవుడు అనుమతించాడు."

"ఓహో. అనుమతిస్తే వస్తారన్నమాట."

కరపత్రంలో దీనికి జవాబు లేదు. హేరాన్ దాన్ని మడిచి పక్కన పెట్టింది.

"సరే, ఎవర్ని పిలిచారేంటి? సినిమావాళ్ళనా?"

దాసొల్ తొనలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, తల ఎత్తకుండా అంది. "నానమ్మని. అంత చలిలో మెట్ల మీద ఎందుకు కూర్చున్నావు, ఇంట్లోకి ఎందుకు రాలేదు అని అడుగుదామని. వచ్చింది కూడా. నువ్వేనా అంటే సున్నా చుట్టింది. తర్వాతది అడిగేలోపు టీచర్ వచ్చేసింది."

హేరాన్ మడిచిన కరపత్రాన్ని మళ్ళీ విప్పింది.

అత్తగారు పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. ముసలావిడ రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండేది. కొడుకు ఇంటి తలుపుకు అంకెలు నొక్కితే తెరుచుకునే లాక్ ఉంది. మనవరాలి పుట్టినరోజే ఆ నంబరు, మార్చి పదిహేడు. సున్నా, మూడు, ఒకటి... అంతవరకూ బాగానే నొక్కేది. చివరి అంకె దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడేది. బయట నుంచే, "చివరిదేంటే, బంగారూ?" అని కేకేసేది. ఎడమ చెవి వినబడదు పాపం, ఒకసారి చెబితే చాలదు. దాసొల్ తలుపు దగ్గరికి వెళ్ళి రెండోసారి గట్టిగా చెప్పేది. తలుపు తీసెయ్యొచ్చు. అయినా ఇద్దరికీ అదో ఆట.

ఎవరూ లేనప్పుడు వచ్చి ఫ్రిజ్ నిండా తను పెట్టిన కిమ్చి, అంటే క్యాబేజీ ఊరగాయ, సర్దిపోయేది. దాంతో ఆగితే బాగుండేది. మనవరాలి దిండు గలీబులో పసుపు కాగితం ఒకటి దాచిపెట్టింది. ఎర్ర సిరాతో ఏవో గీతలు గీసిన రక్ష కాగితం. అది దొరికిన రోజున హేరాన్ వంటింటి సింకులో దాన్ని తగలబెట్టి, అప్పటికప్పుడు లాక్ నంబరు మార్చేసింది. కొత్త నంబరులో కావాలనే రెండు నాలుగులు పెట్టింది. మొగుడికి చెప్పింది, కూతురికి చెప్పింది. "అత్తయ్యగారికి నేను చెబుతాలే," అంది.

చెప్పలేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ముసలావిడ వచ్చింది. నాలుగో అంతస్తు బటన్ నొక్కడానికి భయపడి మెట్లెక్కే వచ్చింది. హేరాన్ ఇంట్లోనే ఉంది. గుమ్మం బయట ఎవరున్నారో చూపించే గోడ మీది చిన్న తెరలో అంతా చూసింది. ఊదారంగు కోటు, కాళ్ళ దగ్గర కిమ్చి డబ్బా, వణికే వేలు. "చివరిదేంటే, బంగారూ?" అని తలుపుకేసి అడగడం కూడా విన్నది. అయిదుసార్లు తప్పు నొక్కేసరికి లాక్ గీపెట్టింది. ముసలావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. హేరాన్ తెర ఆపేసి టీవీ గొంతు తగ్గించింది. కాసేపు తంటాలు పడి పోతుందిలే, బుద్ధొస్తుంది అనుకుంది. రెండు గంటల తర్వాత వాచ్‌మన్ చూసేసరికి మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య మెట్టు మీద, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పోయి ఉంది.

ఆ సమయంలో తను చర్చిలో ఉన్నానని హేరాన్ అందరికీ చెప్పింది. ఆవిడ మాట ఎవరు కాదంటారు?

ఇప్పుడు ఎదురుగా కూతురు కూర్చుని ఉంది. ఆ పిల్లకు నిజం తెలిస్తే మళ్ళీ జన్మలో తనను అమ్మా అని పిలవదు. ఆ సంగతి హేరాన్‌కు బాగా తెలుసు. తెలిసిన భయాన్ని దాచుకోవడానికి ఆవిడకు వచ్చిన విద్య ఒక్కటే, వెక్కిరింపు.

"తీసుకురా నీ పెన్ను," అంది. "నీ నాటకం ఇక్కడే తేల్చేస్తాను."

"అమ్మా, వద్దు."

"ఏం, భయమా? పట్టుకో!"

ఆవిడ ఎత్తు ఆవిడకుంది. కొత్త నంబరు ముసలావిడకు తెలియదు, ఆ విషయం దాసొల్‌కు తెలియదు. ఇంటి నంబరు అడిగితే పిల్ల తప్పకుండా కొత్తదే రాస్తుంది. రాసింది నువ్వే అని అక్కడికక్కడ పట్టుకోవచ్చు. తన తెలివికి తనే ముచ్చటపడింది మహాతల్లి.

కరపత్రం తిరగేసి దాని వెనక పెన్ను నిలబెట్టారు. దాసొల్ వేళ్ళు చల్లగా ఉన్నాయి. బయట చీకటి పడిపోయింది.

"అత్తయ్యగారూ!" అంది హేరాన్, కూటమిలో సాక్ష్యం చెప్పే గొంతుతో. "వచ్చారా? దారి దొరికిందా? వచ్చింది మీరే అయితే మా ఇంటి తలుపు నంబరు చెప్పండి చూద్దాం."

కాసేపు ఏమీ కాలేదు. హేరాన్ పెదవి విరిచింది. నవ్వబోయింది.

పెన్ను కదిలింది.

ఈడ్చుకుంటూ, వణుకుతూ... సున్నా. మూడు. ఒకటి. అక్కడ ఆగింది. కాగితం మీద చిన్న ఎర్ర మచ్చ పెద్దదవుతూ వచ్చింది. ఆగి... ఆగి... ఏడు.

దాని కింద మళ్ళీ అదే. మళ్ళీ ఇంకోసారి. నాలుగోసారి. అయిదోసారి కాగితం చిరిగింది.

"ఇది పాత నంబరు," అంది దాసొల్ మెల్లగా. "పాతది ఎందుకు రాస్తోంది?"

"నువ్వే... నువ్వే రాస్తున్నావు."

"అమ్మా... కొత్త నంబరు నానమ్మకి చెప్పలేదా?"

"చెప్పాను."

ఇద్దరి చేతులూ పెన్ను మీదే ఉన్నాయి. పెన్ను నిదానంగా ఒక అడ్డగీత గీసింది. దాని మీద ఇంకొకటి.

కాదు.

అప్పుడు వాసన వచ్చింది. వెల్లుల్లి, మిరప్పొడి, ఊరిన రొయ్యలు... ఇంట్లో కలిపిన కిమ్చి వాసన. ఏడాదిగా ఆ ఇంట్లో బజారు కిమ్చి తప్ప వేరేది లేదు.

తలుపు దగ్గర చప్పుడైంది. పీ.

పీ... పీ...

చాలాసేపు ఏమీ లేదు. పీ.

నంబరు తప్పని లాక్ గుర్రుమంది.

"మీ నాన్న," అంది హేరాన్. లేచి గోడ మీది తెర వెలిగించింది. వరండా ఖాళీగా ఉంది. మనిషి కదిలితేనే వెలిగే లైటు మాత్రం వెలుగుతోంది. ఆవిడ చూస్తుండగానే ఆరింది. ఆరి... మళ్ళీ వెలిగింది.

పీ. పీ. పీ... పీ. మళ్ళీ గుర్రుమంది.

మూడోసారి. నాలుగోసారి.

దాసొల్ లేచి తలుపు దగ్గరికి నడిచింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ ముఖంలో భయం లేదు. తలుపుకు నోరు దగ్గరగా పెట్టి, "నానమ్మా, నంబరు మారింది, కొత్తది..." అంది.

హేరాన్ పరుగున వెళ్ళి కూతురి నోరు మూసేసింది. ప్రభువు పేరు పలకబోయింది. నాలుక కదలలేదు. తలుపు అవతల, సరిగ్గా ముఖానికి ముఖం ఎదురుగా, మెట్లెక్కి వచ్చిన మనిషి ఆయాసం వినబడుతోంది...

అయిదోసారి. లాక్ గీపెట్టింది.

ఆ అరుపు ఆగాక చాలాసేపటికి లిఫ్టు తెరుచుకుంది. బూట్ల చప్పుడు. "హేరాన్! తలుపు తియ్యి, లాక్ పనిచెయ్యడం లేదు!" దాసొల్ వాళ్ళ నాన్న ఇన్‌చోల్ గొంతు అది.

ఆయన లోపలికొచ్చి కోటు విప్పుతూ, "ఎవరో తప్పు నంబరు అయిదుసార్లు కొట్టారు. అప్పుడే కదా ఇలా బిగుసుకుపోతుంది," అన్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అమ్మ పోయిన రోజు కూడా ఇలాగే గీపెట్టిందట. వాచ్‌మన్ చెప్పాడు."

"పక్కింటి పిల్లలండీ. ఇదే ఆట వాళ్ళకి," అంది హేరాన్. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

ఏడింటికి జ్ఞాపకార్థ ప్రార్థన చేశారు. ఫొటో ముందు భోజనం పెట్టలేదు, ఎవరూ వంగి దండం పెట్టలేదు. మామగారి తద్దినానికి అత్తగారు వీధి తలుపు తీసి ఉంచేది, ఆయన లోపలికి రావాలని. "చచ్చినాయనకి గోడలు అడ్డమా, తలుపు తియ్యాలా?" అని అప్పట్లో హేరాన్ స్నేహితురాళ్ళతో నవ్వుకుంది. ఈ రోజు తలుపుకు లోపలి గొళ్ళెం కూడా వేసింది. ఇన్‌చోల్ పాట ఎత్తుకున్నాడు. దాసొల్ తల్లినే చూస్తూ కూర్చుంది.

ఆమెన్ అనగానే అడిగింది. "నాన్నా, నానమ్మ పోయిన రోజు అమ్మ ఎక్కడుంది?"

"చర్చిలో. ఎందుకురా?"

"నిజంగా చర్చిలోనే ఉన్నావా, అమ్మా?"

చెప్పడానికి ఆవిడకు దేవుడిచ్చిన ఆఖరి అవకాశం అది. మొగుడు చూస్తున్నాడు. కూతురు ఎదురుచూస్తోంది, ఇంకా ప్రేమగానే.

"చర్చిలోనే," అంది హేరాన్.

దాసొల్ తలూపింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇన్‌చోల్ స్నానానికి వెళ్ళగానే హేరాన్ లాక్ మూత తీసింది. కొత్త నంబరు పెట్టాలి. ఎవరికీ చెప్పకూడదు, రేపు చూసుకోవచ్చు. వేలు అలవాటుగా నాలుగు మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఆవిడ ఆ అంకెను తప్పించింది. ఒకటి, తొమ్మిది, రెండు, ఏడు. పైకి అనలేదు, పెదవి కూడా కదపలేదు. లాక్ చిన్న పాట పాడి ఊరుకుంది. మూత మూసి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు కూతురి గదిలోంచి గొంతు వినబడింది. ఫోన్లో మాట్లాడుతోందేమో అనుకుంది. దాసొల్ ఫోను భోజనాల బల్ల మీద, కమలాపళ్ళ పక్కనే ఉంది.

"మళ్ళీ మార్చేసింది," అంటోంది దాసొల్, మామూలుగా, నెమ్మదిగా. "ఒకటి... తొమ్మిది... రెండు... ఏడు."

గదిలో కాసేపు నిశ్శబ్దం.

తర్వాత అదే గొంతు, ఈసారి గట్టిగా.

"ఏడు, నానమ్మా. చివరిది ఏడు."