కంచు పతకానికి ఫోటో లేదు

...అక్కడిదాకా రాశావా అమ్మడూ? ఆ ముక్క కొట్టెయ్. మన జట్టు చిత్తుగా ఓడిందని మొదలుపెడితే ఎవరు చదువుతారు? ఇలా రాయి: మనవాళ్ళు ఓడిన ప్రతిసారీ ఒక మనిషి ప్రాణం నిలబడింది.

ఆ సంగతి జట్టులో ఒక్కడికే తెలుసు. పైకి అతను మాలీషు మనిషి. తెల్ల చొక్కా, భుజాన సంచి, సంచిలో తైలం సీసాలు, నొప్పి తెలియకుండా చేసే చల్లటి స్ప్రే డబ్బాలు. ఆటగాళ్ళంతా "బాబాయ్" అని పిలిచేవాళ్ళు. అసలు ఉద్యోగం సీక్రెట్ ఏజెంట్.

చీఫ్ అతనికి మిషన్ అప్పగించింది స్టేడియం వెనక లాండ్రీ గదిలో, తడి తువ్వాళ్ళ మధ్య.

"మన మంత్రిగారిని లేపేయడానికి పరాయి ముఠా దిగింది."

"ఎక్కడ?"

"పతకాలిచ్చే చోట. మిగతా వేళంతా ఆయన తుపాకీ గుండు దూరని అద్దాల గదిలో ఉంటాడు. మనవాళ్ళకి పతకం వస్తే మాత్రం బయటికొచ్చి స్వయంగా మెడలో వేస్తాట్ట."

"వద్దని చెప్పండి."

"నువ్వు చెప్పు, వింటాడేమో. ప్రాణభయంతో దాక్కున్నాడంటే పరువు పోతుందట."

"హంతకుడి మొహం?"

"తెలీదు. కానీ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. ఆమె గొంతు మైకులో వింటావు."

ఆమె స్టేడియం అనౌన్సర్. మెడకి ఎర్ర పట్టు స్కార్ఫు, కళ్ళకి నల్లద్దాలు. ఆమె నడిచొస్తుంటే గేటు దగ్గర గార్డులు కార్డు అడగడం మర్చిపోయేవాళ్ళు. "నల్ల గొడుగు పోయింది" అని ప్రకటిస్తే హంతకుడు లోపలికొచ్చినట్టు. "నల్ల గొడుగు దొరికింది" అంటే పట్టుబడ్డట్టు. అదీ కోడ్.

ఆటలు మొదలయ్యాయి. పరుగులో మనవాడు నాలుగోవాడు. ఈతలో నాలుగు. కుస్తీలో చేతికందిన పట్టు జారిపోయి నాలుగు. రిలేలో కర్ర కిందపడి, దాన్ని తియ్యబోయి మనిషీ కిందపడ్డాడు. మొదట్లో ఒక్కో ఓటమికీ ఏజెంట్‌కి గుండె మీంచి బరువు దిగినట్టుండేది. వెంటనే సిగ్గేసేది. పోనుపోను రెండూ ఆగిపోయాయి. ఏడుస్తున్న ఆటగాడి పిక్కలు రుద్దుతూ, తను రుద్దుతున్నది కాలో బల్లో తెలియనట్టుండేవాడు. ఆ స్ప్రే చలి వేళ్ళ మీదుగా లోపలిదాకా పాకిందేమో అనుకునేవాడు. అనుకున్నా బాధేమీ ఉండేది కాదు.

క్యాంటీన్‌లో అనౌన్సర్ అతని పక్కన కాఫీ కప్పు పెట్టింది. "ఏవండీ, మీవాళ్ళకి కనీసం మూడో స్థానమైనా రాదా? మావాడు ఎదురుచూసి ఎదురుచూసి లావెక్కిపోతున్నాడు."

అతను నవ్వలేదు. "మావాడు" అన్న మాట కూడా పట్టించుకోలేదు.

మన దేశం నుంచి ఒక్క ఫోటోగ్రాఫరే వచ్చాడు. అతనూ పెట్టె సర్దేశాడు. సాయం పట్టి బస్సెక్కించింది ఏజెంటే. "నాలుగో స్థానానికి ఫిల్మ్ దండగ బాబాయ్, వస్తా," అని చెయ్యూపి ఊరికెళ్ళిపోయాడు.

ఆఖరి రోజుకి మనవాళ్ళలో మిగిలింది బరువులెత్తే పిల్ల ఒక్కతే. చీఫ్ చిన్న పొట్లం తెచ్చాడు.

"ఆ పిల్ల నీళ్ళలో కలుపు. వేళ్ళు కాస్త వణుకుతాయి, అంతే. పతకం రాకపోతే మంత్రి బయటికి రాడు."

"ఆర్డరా?"

"ఆర్డరే."

వార్మప్ గదిలో ఆ అమ్మాయి అరచేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. చుట్టూ ఎవరూ లేరు.

"చూశావా బాబాయ్? అందరూ సామాన్లు సర్దుకున్నారు. ఆల్ ద బెస్ట్ చెప్పమంటే బస్సెప్పుడని అడుగుతున్నారు."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఎత్తుతా. ఆ ఇనుమునక్కడే వదిలేసి వస్తే ఏం బాగుంటుంది? నీళ్ళిటివ్వు."

పొట్లం అతని అరచేతిలోనే ఉంది. జాలి కలగలేదు. కోపం రాలేదు. దేశమూ గుర్తురాలేదు. ఆ చెయ్యి మాత్రం సీసా వైపు వెళ్ళలేదు. పొడి వాష్‌బేసిన్‌లో ఒంపేసి, నీళ్ళు ఇచ్చాడు. గటగటా తాగేసింది.

మొదటిసారి బరువు భుజాల దాకా వచ్చి జారిపోయింది. రెండోసారి మోచెయ్యి వంగింది. మూడోసారి పిల్ల మొహం ఎర్రబడింది, మోకాళ్ళు కొట్టుకున్నాయి, ఇనుము తల మీదికెళ్ళి ఆగింది. ఎత్తినట్టేనని మూడు తెల్లలైట్లు వెలిగాయి. మూడో స్థానం.

అద్దాల గదిలో మంత్రి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

మైకు మోగింది. "ప్రేక్షకులకు మనవి. ఒక నల్ల గొడుగు పోయింది."

గార్డులు పరుగులు తీశారు. మంత్రి మెట్లు దిగుతుండగా మైకు మళ్ళీ మోగింది. "నల్ల గొడుగు దొరికింది. సొంతదారు నిశ్చింతగా ఉండవచ్చు."

చీఫ్ చెమట తుడుచుకున్నాడు. గార్డులు గోడకి ఆనుకున్నారు. ఏజెంట్ కూడా సంచి కింద పెట్టబోయాడు.

పతకాలిచ్చేటప్పుడు మూడో స్థానం వాళ్ళకే ముందు ఇస్తారు. ఫోటోగ్రాఫర్లకి కావలసింది బంగారం. అందుకని వాళ్ళంతా తలలొంచుకుని ఫిల్మ్ మార్చుకుంటున్నారు. ఒక్కడి కెమెరా మాత్రం పైకి లేచి ఉంది. కిందిమెట్టు మీదున్న మన పిల్ల వైపే గురిపెట్టి ఉంది.

మన పిల్లని ఫోటో తీసేదెవరు? మన ఫోటోగ్రాఫర్‌ని బస్సెక్కించింది తనే కదా!

ఏజెంట్ కుర్చీల మీదుగా దూకాడు. మంత్రి పతకం ఎత్తాడు. కెమెరా గొట్టం అంగుళం పక్కకి, ఆయన గుండె వైపు జరిగింది. చల్లటి స్ప్రే నేరుగా ఆ మనిషి కళ్ళలో పడింది. గుండు గురి తప్పి, ఠప్‌మని పైకప్పు లైటొకటి పగిలింది. జనం ఫ్లాష్ బల్బు పేలిందనుకుని చప్పట్లు కొట్టారు. మంత్రి కూడా తనకే అనుకుని చెయ్యూపాడు.

దొంగ కోడ్ చెప్పిన అనౌన్సర్ హడావుడిగా గేటు దాకా వెళ్ళింది. ఆ రోజు మాత్రం గార్డు కార్డు అడిగాడు.

లాండ్రీ గదిలో చీఫ్ అడిగాడు. "పొడి కలపలేదు కదూ?"

"లేదు."

"మరి ఆ పిల్ల వేళ్ళు వణికాయే?"

"అవి గెలిచాక వణికాయి సార్."

బస్సులో ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పతకం ఒళ్ళో ఉంది. చాలా దూరం పోయాక అంది: "హాలంతటిలో నా వైపు తిరిగిన కెమెరా అదొక్కటే బాబాయ్. దాని మీద పడి కొట్లాడావు. నీకు నేనేం చేశాను?"

సంగతి చెప్పే వీల్లేదు. అతనికి లోపల ఏదో కదలాల్సింది, కదల్లేదు. స్ప్రే డబ్బా మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు.

ఇక చాలమ్మడూ, వేలు నొప్పెడుతోందేమో. ఇది తీసుకెళ్ళి, బరువులెత్తిన మీ అత్తకి, బాబాయ్ రాయించాడని చెప్పి చదివి వినిపించు. ఆవిడ గోడకి పతకం ఉంటుంది, పక్కన ఫోటో కోసం కొట్టిన మేకు ఇప్పటికీ ఖాళీగా ఉంటుంది. ఆ మేకు ఎదురుగా కూర్చుని చదువు. ఒక్క ముక్క మాత్రం రెండుసార్లు చదవాలి, రాసుకో: ఆ కెమెరాలో ఫిల్మ్ లేదు.