నాలుగు మూలల నలుపు

తెనాలిలో డిటెక్టివ్ పుస్తకాలు అచ్చు వేసి బతికేవాళ్ళు చాలామంది ఉండేవారు. నిజంగా డిటెక్టివ్ పని చేసి బతికేవాడు మాత్రం ప్రకాశరావు ఒక్కడే. మారీసుపేటలో సైకిలు షాపు మేడ మీద ఆయన గది. ఊరివాళ్ళు ఆయనను కొంత గౌరవంగానూ, కొంత నవ్వుకుంటూనూ చూసేవారు. సహాయకుడు చిన్నయ్యకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు. బడిలో లెక్కల మాస్టారు ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి అతను. ప్రకాశరావు తుమ్మినా అందులో ఏదో అంతరార్థం ఉంటుందని నమ్మే రకం.

1974 ఆగస్టులో ఒక గురువారం పొద్దున ఆ మేడమెట్లు ఎక్కి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దావిడ జానీ బీ, బట్టలు కుట్టి ఇల్లు నడుపుకునే మనిషి. వెనక ఆమె కూతురు అబీదా, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పని చేస్తోంది. ఆ అమ్మాయి చేతిలో ఒక గోధుమరంగు కవరు ఉంది. కుర్చీలో కూర్చున్నాక కూడా దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది.

"సోమవారం హైదరాబాదులో ఉద్యోగంలో చేరాలండి. ఇప్పుడు చేర్చుకోరేమో. కావాలని పుస్తకం పాడుచేశానని నా మీద అక్కడికి రాశారు," అంది అబీదా.

"ఎవరు రాశారమ్మా?"

"బాపట్ల నరసింహారావుగారండి. ఆ పుస్తకం ఆయనదే."

ప్రకాశరావు మంచినీళ్ళు తెప్పించి, మొదటి నుంచీ చెప్పమన్నాడు. హైదరాబాదులో ఒక కంప్యూటర్ కేంద్రం ఉంది. కంప్యూటర్ అంటే తెనాలిలో అప్పటికి ఎవరూ కళ్ళతో చూసినది కాదు. దానికి ఇచ్చే ఆజ్ఞల వరసను ప్రోగ్రామ్ అంటారు. ఆ కేంద్రం కోసం పొలాల దిగుబడి లెక్కలకు పనికొచ్చే ప్రోగ్రాములు కొన్ని రాసి, వాటిని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ కూడా నరసింహారావే రాశాడు. అయితే ఆయన రాత ఆయన బుర్రంత వేగంగా పోయేది. ఒక పేజీలో ఉదాహరణ ముందు, హెచ్చరిక వెనక. ఇంకో పేజీలో హెచ్చరిక అసలే లేదు. వాటిని ఒక తీరుకు తెచ్చింది అబీదా.

"పేజీకి ఒక ప్రోగ్రామండి. పైన రెండు మూలలా దాని పేరు, కింద రెండు మూలలా రచయిత పేరు. మధ్యలో అదేం చేస్తుంది, ఎలా నడపాలి, ఉదాహరణ ఏంటి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, అన్నీ ఒకే వరసలో పెట్టాను. ప్రెస్సులో అక్షరాలు కూర్చితే ఆజ్ఞల నిలువు వరసలు చెదురుతాయని, నేను టైపు చేసిన కాయితాలనే ఫోటో తీయించి, అచ్చుకు లోహపు బ్లాకులు చేయించారు. పేజీలు అంత శుభ్రంగా ఉన్నాయనే కేంద్రం వాళ్ళు నన్ను ఉద్యోగానికి పిలిచారు."

చెబుతూ కవరు బల్ల మీద పెట్టి, వేలితో గాలిలో పేజీ గీసి చూపించింది. పని గురించి మాట్లాడేటప్పుడు మనిషి మారిపోతుందని చిన్నయ్య గమనించాడు.

కవరులోంచి అచ్చు పేజీలు తీసి బల్ల మీద పరిచింది. ప్రతి పేజీకీ నాలుగు మూలలా వేలి కొసంత నల్లటి మచ్చలు. పైన ప్రోగ్రామ్ పేరు లేదు, కింద రచయిత పేరు లేదు. పేరును బట్టి పేజీ వెతుక్కునే పుస్తకంలో పేర్లే పోతే అది చిత్తుకాగితాల కట్ట.

"నీకూ ఆయనకూ ఏమైనా మాట తేడా వచ్చిందా?"

అబీదా తల వంచుకుంది. "పేజీ తీర్చిదిద్దినవారి పేరు కూడా చిన్నగా వేయమని అడిగానండి. వేయనన్నారు. అందుకే ఆయన పేరు చెరిపానంటున్నారు."

"ఈ ఒక్క పేజీకి మచ్చల్లేవేంటి?" అన్నాడు చిన్నయ్య, కట్టలోంచి ఒకటి పైకి తీసి.

"అందులో తప్పు ఉందని ఆయన ఆలస్యంగా కబురు చేశారండి. మళ్ళీ టైపు చేసి, నేనే రేపల్లె పట్టుకెళ్ళి బ్లాకులు చేసే సుభానిగారికి ఇచ్చాను."

"మిగతావి?"

"ఇక్కణ్ణుంచి బాపట్ల వెళ్ళాయి. ఆయన చూసుకుని, సంతకం పెట్టి రేపల్లె పంపారు."

జానీ బీ ముందుకు వంగింది. "బాబుగారూ, ఉద్యోగం పోతే పోనీండి. పని పాడుచేసిందనే పేరు మాత్రం ఉండిపోకూడదు," అంది.

"ఉద్యోగం ఎందుకు పోవాలమ్మా," అన్నాడు ప్రకాశరావు.

మధ్యాహ్నం రైలుకు ఆయనా చిన్నయ్యా రేపల్లె వెళ్ళారు. సుభాని మద్రాసులో పని నేర్చుకుని వచ్చి, ఇంటి ముందు గదిలో పెద్ద కెమేరా పెట్టుకున్నాడు. అసలు కాగితాలు ఇంకా అతని దగ్గరే ఉన్నాయి. వాటిని చూసి చిన్నయ్య ఆశ్చర్యపోయాడు. మచ్చలు లేవు. పేర్లన్నీ స్పష్టంగా ఉన్నాయి. మూలలు మాత్రం పాతబడ్డ కాగితంలా కాస్త పచ్చగా ఉన్నాయి.

"అసలులో లేని నలుపు అచ్చులోకి ఎలా వచ్చిందయ్యా?" అన్నాడు ప్రకాశరావు.

"నెగెటివులోనే అలా పడిందండి. పేజీకి నాలుగు, అన్నిటికీ అవే చోట్ల. డిజైను అనుకున్నానండి. ఇంగ్లీషు నాకు రాదు. పెద్దోళ్ళ పుస్తకం, ఏదో ఉద్దేశం ఉంటుందిలే అనుకున్నా."

చిన్నయ్య కాగితం అంచున నీలం పెన్సిల్ గీత చూశాడు. "ఇది అచ్చులో లేదేంటి?"

"కొలతకి నేను గీసుకుంటానండి. లేత నీలం మా కెమేరాకి కనబడదు. మన కంటికి కనబడే రంగులు వేరు, దానికి కనబడేవి వేరు. ఎరుపు లాంటివైతే దానికి నలుపే."

ప్రకాశరావు ఒక కాగితం మూలను గోటితో మెల్లగా గీకి, గోరు వంక చూసుకున్నాడు. అసలు కాగితాలు అడిగి తీసుకున్నాడు. తిరుగు రైల్లో చిన్నయ్య తనకు తోచిన సిద్ధాంతాలన్నీ చెప్పాడు. ప్రకాశరావు తెనాలి వచ్చేదాకా కిటికీలోంచి వరి మళ్ళు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు బాపట్ల. నరసింహారావు జిల్లాలో పేరున్న హేతువాది. ముహూర్తాల మీద, దిష్టిబొమ్మల మీద ఆయన ఉపన్యాసాలకు సభలు నిండేవి. సుశీలను పురోహితుడు లేకుండా రిజిస్ట్రారు ముందు పెళ్ళి చేసుకున్నాడు. ఇంట్లో దేవుడి పటం కాదు గదా, దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు కూడా లేదు.

"అసూయండీ. పేరు వేయలేదన్న అసూయ. ఆ ఒక్క పేజీ కావాలనే వదిలేసింది, తెలివిగా," అన్నాడాయన. గొంతు అవసరానికి మించి పెద్దదిగా ఉంది.

"కాగితాలు మీ ఇంట్లో ఎక్కడ పెట్టారండి?"

"నా గదిలో. ఇనప బీరువాలో. తాళం నా దగ్గరే ఉంటుంది. గది కూడా నేనే ఊడ్చుకుంటాను, ఎవరినీ రానివ్వను."

సుశీల కాఫీ తెచ్చింది. కాగితాలు ఇంట్లో ఉన్న వారమంతా తను కర్లపాలెంలో పుట్టింట్లో ఉన్నానని, అవి రేపల్లె వెళ్ళిపోయాకే వచ్చానని చెప్పింది. ప్రకాశరావు గ్లాసు ఇచ్చే నెపంతో వంటింటి వైపు వెళ్ళాడు. వంటమనిషి రంగమ్మ పెద్ద వయసు మనిషి, నరసింహారావును చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది. ఆకువక్క నములుతూ బియ్యం ఏరుతోంది.

"ఎలా ఉందత్తా పని?"

"ఏం చెప్పమంటావు బాబూ. అమ్మగారు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. పోయిన నెల ఆవిడ ఊరెళ్ళినప్పుడు ఎవరో పసుపు డబ్బాలో తడిచెయ్యి పెట్టారు. పసుపంతా ఉండలు కట్టింది. అయ్యగారినడిగితే నాకేం తెలుసంటారు. పిల్లి ఏమన్నా పెట్టిందా చెయ్యి?"

ప్రకాశరావు నవ్వాడు. ఆ నవ్వు చూసి, కేసు తేలిపోయిందని చిన్నయ్యకు అర్థమైంది. ఎలా తేలిందో మాత్రం అర్థం కాలేదు.

శనివారం పొద్దున నరసింహారావు ఇంటి హాల్లో అందరూ కూర్చున్నారు. అబీదా, జానీ బీ ఒక పక్క. రేపల్లె నుంచి వచ్చిన సుభాని గుమ్మం దగ్గర. సుశీల భర్త పక్కన. రంగమ్మ తలుపు చాటున నిలబడింది. ప్రకాశరావు అసలు కాగితాలను బల్ల మీద పెట్టాడు.

"రంగమ్మత్తా, నీ ఆకుల పెట్టెలోంచి కాస్త సున్నం ఇస్తావా?"

రంగమ్మ వచ్చి సున్నం కాయ ఇచ్చింది. ప్రకాశరావు వేలి కొసకు సున్నం తీసుకుని, నీళ్ళలో తడిపి, కాగితం మూలన ఆ లేత పచ్చదనం మీద అద్దాడు. అది అందరి కళ్ళ ముందే ఎర్రబడింది.

"ఎర్రనీళ్ళు," అంది రంగమ్మ అప్రయత్నంగా. దిష్టి తీసే నీళ్ళు ఎలా ఎర్రబడతాయో తెలియని ఆడమనిషి ఆ హాల్లో లేదు.

"అవును. ఇది పసుపు. శుభలేఖకు పెట్టినట్టు ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పెట్టారు. తడి ఆరాక తుడిచేశారు, లేత రంగు మిగిలింది. మన కంటికి అది కాగితం పాతబడ్డట్టుంది. సుభానీ, పసుపు రంగు మీ కెమేరాకి ఎలా పడుతుంది?"

సుభాని నుదురు కొట్టుకున్నాడు. "నలుపేనండి. ఎరుపులాగే. బొగ్గులా పడుతుంది. నాకు తట్టనే లేదండి. ఇంగ్లీషు కాయితాలకి పసుపు పెడతారని ఎవరనుకుంటారు?"

"ఈ అమ్మాయి తన చేత్తో రేపల్లె తీసుకెళ్ళిన పేజీ ఈ ఇంటికి రాలేదు. దానికి మచ్చ లేదు. కాబట్టి పసుపు పెట్టింది ఇక్కడే. సుశీలగారు ఆ వారం ఊళ్ళో లేరు."

చూపులన్నీ రంగమ్మ వైపు తిరిగాయి. నరసింహారావు కూడా అటే చూశాడు. రంగమ్మ ఆయన ముఖం వంక ఒక్కసారి చూసి, కొంగు భుజం మీద సర్దుకుంది.

"నేనే పెట్టుంటాను బాబూ. ముసలిదాన్ని. మంచిదే కదా అని పెట్టుంటాను."

నరసింహారావు ఏమీ అనలేదు. అప్పుడు ఆయన ఏదైనా అని ఉంటే ఎంత బాగుండేదో అని చిన్నయ్య చాలా రోజులు బాధపడ్డాడు.

"లేదత్తా," అన్నాడు ప్రకాశరావు. "డబ్బాలో తడిచెయ్యి పెట్టారని తిట్టుకున్నదానివి నువ్వే. ఆ గదిలోకి నువ్వు వెళ్ళవు. ఆ బీరువా తాళం నీ దగ్గర లేదు. పైగా ఇన్ని పేజీలకు, ఒక్కటి కూడా మరిచిపోకుండా, అక్షరం చెదరకుండా పెట్టాలంటే ఓపిక కావాలి. ఆ పుస్తకమంటే ప్రాణం ఉండాలి. శత్రువు చెయ్యి అలా ఉండదు. నరసింహారావుగారూ, ఇక మీరు చెబితే బాగుంటుంది."

సుశీల భర్త వైపు తిరిగింది. ఆయన తన చేతివేళ్ళు చూసుకున్నాడు.

"కూర్చో రంగమ్మా," అన్నాడు చివరికి. "పెట్టింది నేనే. మా నాన్న ఏ కొత్త పుస్తకం ఇంటికొచ్చినా పసుపు పెట్టేవాడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఇది నా మొదటి పుస్తకం. చూసేవాళ్ళెవరూ లేరు. ఒక్క పేజీకి పెడదామనుకున్నాను, చెయ్యి ఆగలేదు. తప్పనిపించలేదు. సంతోషంగా అనిపించింది, నిజం చెప్పాలంటే."

"మరి మచ్చలు చూశాక?" అంది అబీదా.

"అనుమానం వచ్చిందమ్మా. నేను పెట్టిన చోట్లే. కానీ పసుపు నల్లగా ఎలా అవుతుంది, అది హేతువుకు నిలవదు అని నాకు నేనే వాదించుకున్నాను. ఆ వాదన నాకు సుఖంగా అనిపించింది. నీకు మాత్రం సుఖం లేకుండా పోయింది. సిగ్గుపడుతున్నాను."

ఆయన గొంతులో పెద్దరికం పోయింది. జానీ బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రంగమ్మ కూర్చోలేదు.

"సోమవారం లోపల కేంద్రానికి తెలియాలి," అన్నాడు ప్రకాశరావు. "ఉత్తరమైతే అప్పటికి చేరదు, తంతి ఇవ్వాలి."

నరసింహారావు కాగితం తీసుకుని రాసి, అబీదాకు ఇచ్చాడు. పేజీల మీద మచ్చలకు కారణం సాంకేతిక లోపమని, టైపిస్టు తప్పేమీ లేదని అందులో ఉంది. అబీదా చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఇది చాలదండి."

"నీ తప్పు లేదనే రాశానుగా."

"సాంకేతిక లోపమంటే ఆ పేజీలు టైపు చేసిన మనిషే గుర్తొస్తుందండి వాళ్ళకి. మీరేదో జాలిపడి వదిలేశారనుకుంటారు. ఎవరు చేశారో, ఏం పెట్టారో రాయండి. చదివినవాడికి ఇంకో అనుమానం రాకూడదు. మీ పుస్తకంలో ప్రతి పేజీనీ నేను అలాగే రాశాను."

నరసింహారావు ఆమె వంక చూశాడు. ఆ తంతిని కేంద్రంలో ఎవరెవరు చదువుతారో, ఎవరెవరికి చెప్పుకుని నవ్వుకుంటారో, రేపటి రోజున సభల్లో వెనక వరసల్లోంచి ఎవరేమని అరుస్తారో, అన్నీ ఆయన ముఖంలో కనబడ్డాయి. ప్రకాశరావు సాయం చేయలేదు.

నరసింహారావు కాగితం చింపి, ఇంకొకటి తీసుకుని నిలబడే రాశాడు. ఎవరికీ చూపించలేదు. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు.

తంతి ఆఫీసులో గుమాస్తా ఆయనను గుర్తుపట్టి, లేచి నమస్కారం పెట్టాడు. ఆయన ఉపన్యాసాలు వదలకుండా వినేవాడట. కాగితం అందుకుని ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటిగా చదువుతూ, మధ్యలో ఒక చోట ఆగిపోయాడు. తలెత్తి చూశాడు.

"సార్, ఇక్కడేదో పొరపాటు రాసినట్టున్నారు. టర్మరిక్ అని ఉందండి."

"పొరపాటు కాదు నాయనా. పసుపే."

"పెట్టింది మీరని ఉందండి."

"నేనే పెట్టాను," అన్నాడు నరసింహారావు, అబీదాకు వినబడేంత గట్టిగా. "ఉన్నది ఉన్నట్టు కొట్టు."